రెండు మాత్రల ఏడాది

మా పిన్ని కారు నడపడం నేర్పుతుంది. ఆ మాట వినగానే చాలామంది పక్క సీట్లో కూర్చుని కేకలు వేసే మనిషిని ఊహించుకుంటారు. మా పిన్ని కేకలు వేయదు. ఆమె కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. కేక కంటే అది ముందు పనిచేస్తుందంటుంది. నేర్చుకునే అమ్మాయి అద్దంలో జుట్టు సవరించుకుంటే, "నీ మొహం ఎక్కడికీ పోదులే, వెనకాల లారీ వస్తోంది, దాని మొహం చూడు" అంటుంది. ఎదురుగా వచ్చే బస్సును చూసి బిగుసుకుపోయే పెద్దమనిషితో, "ఆ డ్రైవరుకీ ఇల్లూ వాకిలీ ఉన్నాయండీ, మనల్ని గుద్దాలని ఆయన మాత్రం పొద్దున్నే లేచి వస్తాడా" అంటుంది. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల చేత స్టీరింగు పట్టించింది ఆమే. సిగ్నలు దగ్గర ఏ కారు కుదుపు లేకుండా ఆగినా "అది నా చేతిదే" అని గుర్తుపడుతుంది.

బాబాయి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. నోట్లో నాలుక లేని మనిషి. రోజంతా మిషన్ల కింద తల పెట్టి ఉంటాడు కాబట్టి ఆయనకు మాటలతో అంత అవసరం పడదు. పడినా, పిన్ని ఆయన వాటా కూడా కలిపి మాట్లాడేస్తుంది. మేడ మీద అమ్మా నేనూ ఉంటాం. అమ్మ పిన్నికంటే ఏడేళ్లు పెద్ద. నాన్న పోయాక అమ్మ అధికారం చెలాయించడానికి ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. నేనేమో బడిలో లెక్కలు చెబుతూ పగలంతా బయటే ఉంటాను. అందుకని ఆ అధికారమంతా మెట్లు దిగి కింద వాటాకు పోతుంది.

పిన్నికి యాభై నాలుగేళ్లప్పుడు, నేర్పే లైసెన్సు మళ్లీ తీసుకోవడానికి ఒంటి పరీక్షలు చేయించుకోవాల్సి వచ్చింది. కళ్లు బాగున్నాయి, చెవులు బాగున్నాయి, రక్తంలో తెల్లకణాలు మాత్రం ఉండాల్సిన దానికి నాలుగింతలున్నాయన్నారు. "బలం ఎక్కువైందేమో" అంది పిన్ని. ఒంట్లో ఆమెకు ఏ బాధా లేదు. ఆ పరీక్ష చేసినవాళ్లు పెద్దాసుపత్రిలో రక్తపు జబ్బుల డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. అమ్మా నేనూ కూడా వెళ్లాం.

ఆ డాక్టరు సన్నగా, కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు. మాట నెమ్మది. మళ్లీ పరీక్షలు చేయించి, పది రోజుల తర్వాత పిలిచి చెప్పాడు.

"ఇది బ్లడ్ క్యాన్సరేనమ్మా. కానీ దీర్ఘకాలం నెమ్మదిగా సాగే రకం. చాప కింద నీరులా వస్తుంది. కొంతమందికి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు మందు మొదలుపెడితే దాని ఇబ్బందులే తప్ప మీకు కలిసొచ్చేదేం లేదు. మూణ్ణెల్లకోసారి రక్తం చూద్దాం. అవసరం వచ్చినప్పుడు మొదలుపెడదాం."

"మరిప్పుడేం చేయాలి?" అంది అమ్మ.

"ఏం చేయొద్దండి."

ఆసుపత్రి మెట్లు దిగుతూనే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పేరేమో బ్లడ్ క్యాన్సరు, వైద్యమేమో ఏం చేయొద్దూనా? జలుబు చేస్తేనే మూడు రంగుల మాత్రలు రాస్తారు కదే. ఈయన చదువు పూర్తయిందో లేదో కనుక్కో."

"మందు రాయనన్న డాక్టరును ఇప్పుడే చూస్తున్నానక్కా. నాకు నచ్చాడు" అంది పిన్ని. కారు తాళాలు తీసుకుని వెనక్కి చూడకుండా నడిచింది. కారు తలుపు తెరిచాక మాత్రం ఒక క్షణం దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆ రోజు ఇల్లు చేరేదాకా ఆమె హారను కొట్టలేదు, జోకు వేయలేదు.

తర్వాత మూడేళ్లు పిన్ని నిమ్మకు నీరెత్తినట్టు తన పని తను చేసుకుంది. నిద్ర పట్టనిది అమ్మకే. ఎవరో చెప్పారని రోజూ పొద్దున్నే పంపరపనస రసం తీసి, గ్లాసు పట్టుకుని మెట్లు దిగేది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకక్కా" అని పిన్ని నవ్వేది.

"నువ్వు కందవేలే. నేను కత్తిపీటనేలే. ఇంద, తాగు."

పిన్ని తాగేది. అక్క చేతి గ్లాసు కాదని ఎవరు బతగ్గలరు?

మూడో ఏడు చివర్లో పిన్ని మెడ పక్కనా చంకల్లోనూ బిళ్లలు కట్టాయి. నొప్పి లేదు గానీ జాకెట్టు బిగుతయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎప్పుడూ ఒంటి గంటకల్లా ఆవురావురుమంటూ వచ్చే మనిషి రెండు ముద్దలు తిని కడుపు నిండిందనేది. ఎడమ పక్కటెముకల కింద ఏదో బరువుగా ఉందనేది. అయినా కారు ఆపలేదు. ఆపింది ఒక చెత్తకుండీ. ఒక అమ్మాయికి రివర్సు నేర్పుతుంటే ఆమె యాక్సిలరేటరు ఎక్కువ నొక్కింది. పిన్ని కాలు బ్రేకు మీదికి వెళ్లడం ఒక్క రవ్వ ఆలస్యమైంది. కారు వెనక బంపరు చెత్తకుండీకి తగిలి, అది బోర్లా పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అమ్మాయి తన తప్పేననుకుని ఏడ్చింది.

పిన్ని ఆమెను ఇంటి దగ్గర దింపి, నేరుగా మా బడికి వచ్చి గేటు బయట కారాపింది. "నా కాలు నా మాట వినలేదే. ఇవాళ కుండీ కాబట్టి సరిపోయింది. రేపు డాక్టరు దగ్గరికి నాతో వస్తావా?"

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. ప్లీహం ఉబ్బిందన్నాడు. ఎర్రకణాలు తగ్గిపోయాయన్నాడు. "ఇప్పుడు అవసరం వచ్చిందమ్మా. మొదలుపెడదాం" అన్నాడు.

"హమ్మయ్య" అంది అమ్మ. ఆ తర్వాత తానేమన్నదో తనకే తెలిసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సూదులూ సెలైన్లూ జుట్టు ఊడిపోవడాలూ ఉంటాయని మేం అనుకుంటున్నాం. అవేవీ ఉండవన్నాడు డాక్టరు. రెండు రకాల మాత్రలు. మొదటి మూడు నెలలు ఒకటే. తర్వాత దానికి రెండోది జతచేసి ఏడాది. ఆపైన రెండూ ఆపేయడం.

"రెండెందుకండీ? ఒకటి చాలదా?" అన్నాను.

"ఇదివరకు ఒకటే ఇచ్చేవాళ్లమండి. బాగానే పనిచేసేది. కానీ ఆపడానికి ఉండేది కాదు, ఏళ్ల తరబడి వేసుకుంటూనే ఉండాలి. ఈ కణాలతో రెండు చిక్కులున్నాయి. పెరగమని వాటికి లోపల్నుంచి ఒక కబురు అందుతూ ఉంటుంది. మొదటి మాత్ర ఆ కబురు అందకుండా ఆపుతుంది. ఇంకోటి, ఏ కణమైనా కొన్నాళ్లు బతికి పోవాలి కదా. ఇవి పోవడం మర్చిపోయాయి. రెండో మాత్ర గుర్తుచేస్తుంది. ఒకదానికి లొంగనివి రెండోదానికి లొంగుతాయి."

పిన్ని వేళ్లు లెక్కపెడుతూ అడిగింది. "అంటే ఒకటి వంటింట్లో పొయ్యి కట్టేస్తుంది. రెండోది, తిని కూర్చుని కదలని చుట్టాలకి చెప్పులు చూపిస్తుంది. అంతేనా?"

డాక్టరు మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వాడు. "అంతేనమ్మా. చుట్టాలందరూ ఒక్కసారిగా గుమ్మం దగ్గర తోసుకుంటే గుమ్మం విరుగుతుంది. కణాలు ఒక్కసారిగా చస్తే ఆ చెత్తంతా కిడ్నీల మీద పడుతుంది. అందుకే ముందు మొదటి మాత్రతో కొంత తగ్గించి, తర్వాత రెండోది కొద్దికొద్దిగా పెంచుతాం." ఆ తర్వాత చేయకూడనివన్నీ చెప్పాడు. తనకు చెప్పకుండా వేరే ఏ మందూ వేసుకోకూడదు. "ముఖ్యంగా పంపరపనస ముట్టకండి."

అమ్మ ముఖం పాలిపోయింది. "మూడేళ్లుగా నేను పోసిందే విషమైందా?"

"అప్పుడు తాగితే ఏం కాలేదమ్మా, మంచి పండే అది. కానీ ఈ మాత్రల్ని ఒంట్లో అరగనివ్వదు. మందు పేరుకుపోయి మోతాదు మించిపోతుంది."

ఆ సాయంత్రం బుట్టెడు పంపరపనసలు ఎదురింటికి వెళ్లిపోయాయి. అమ్మ వాటిని ఇచ్చిన తీరు చూస్తే, పెంచుకున్న పిల్లిని పరాయివాళ్లకు అప్పగిస్తున్నట్టుంది. మందుల ఖర్చు బీమావాళ్లు భరించారు కాబట్టి ఆ గొడవ మాకు లేకపోయింది.

మొదటి మాత్ర మొదలైన మూడు వారాలకే మెడ మీద బిళ్లలు కరిగిపోయాయి. నెల తిరిగేసరికి పిన్ని అన్నం రెండోసారి వడ్డించుకుంది. అంతలో రక్తపరీక్ష వచ్చింది. తెల్లకణాలు తగ్గకపోగా ముందున్న దానికి రెట్టింపయ్యాయి. అమ్మ ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రికి మాకంటే ముందు చేరింది.

"బాబూ, ఇది తగ్గడమా, పెరగడమా?"

"తగ్గడమేనమ్మా. బిళ్లల్లో దాక్కున్న కణాలు మందు దెబ్బకి రక్తంలోకి వచ్చి రోడ్డు మీద పడ్డాయి. లెక్కకి అందుతున్నాయి. ముందు కూడా ఉన్నవే ఇవి, ఇప్పుడు కనిపిస్తున్నాయి, అంతే."

అమ్మకు నమ్మకం కుదరలేదు గానీ, పిన్ని మెడ తడిమి చూసి ఊరుకుంది. ఎర్రకణాలు పుంజుకున్నాయని చూసి, డాక్టరు పిన్నిని మళ్లీ కారెక్కనిచ్చాడు. పొద్దున రెండు పాఠాలు, సాయంత్రం ఒకటి, అలసట అనిపిస్తే అదీ లేదు.

జబ్బు సంగతి నేర్చుకునేవాళ్లకు పిన్ని చెప్పలేదు. "నా కాలు బ్రేకు మీదుందనే ధైర్యంతోనే వాళ్లు కారు కదిలిస్తారే. ఆ కాలికే జబ్బుందంటే ఇంకెవరొస్తారు?" అనేది. కాలికి కాదు, రక్తానికి అని నేనంటే, "రక్తం కాలిదాకా పోదూ?" అనేది.

ఆ మాత్ర వల్ల వచ్చిన ముఖ్యమైన ఇబ్బంది, ఒళ్లు ఊరికే కమిలిపోవడం. బల్ల అంచు తగిలినా అరచెయ్యంత మచ్చ. పిన్ని నిండు చేతుల చొక్కాలు తొడగడం మొదలుపెట్టింది. ఒకరోజు మా మెట్లు దిగుతూ కాలు జారింది. కింద నిలబడ్డ బాబాయి గబుక్కున మోచేతి పైన పట్టుకుని ఆపాడు. పడకుండా బయటపడింది గానీ, తెల్లారేసరికి ఆ చేతి మీద నాలుగు వేళ్లూ ఒక బొటనవేలూ ఊదారంగులో అచ్చుపడ్డాయి.

అప్పుడు పిన్ని దగ్గర నేర్చుకునేవాళ్లలో మా వైపు పోలీసు స్టేషను ఇన్‌స్పెక్టరమ్మ ఒకరు. ఏళ్లుగా జీపులో పక్క సీట్లో కూర్చుని తిరిగిన మనిషి. తనకు నడపడం రాదని కానిస్టేబుళ్లకు తెలియకూడదని, పొద్దున్నే మామూలు బట్టల్లో వచ్చి నేర్చుకునేది. ఆ రోజు ఎండ మండిపోతోంది. పిన్ని మరిచిపోయి చొక్కా చేతులు పైకి మడిచింది.

"ఇదేంటి టీచరుగారూ, చేతి మీద?"

"ఏం లేదమ్మా, తలుపు తగిలింది. మీరు క్లచ్చు సంగతి చూడండి."

ఇన్‌స్పెక్టరమ్మ క్లచ్చు సంగతి చూసింది గానీ, ఆ మాట ఆమె ఉద్యోగంలో చాలామంది ఆడవాళ్ల నోట విన్నదే. ఏ తలుపుకైనా అయిదు వేళ్లుంటాయా? ఆ సాయంత్రం ఆమె యూనిఫాంలో మా ఇంటి ముందు దిగింది. పిన్ని పాఠానికి వెళ్లింది. నేను టీ ఇవ్వడానికి అప్పుడే దుకాణంలోకి వచ్చాను. బాబాయి ఒక మిషను విప్పి ముక్కలు గుడ్డ మీద పరుచుకున్నాడు.

"టీచరుగారి భర్త మీరేనా?"

"నేనేనండి."

"ఆవిడ చేతి మీద వేళ్ల మచ్చలున్నాయి. చూశారా?"

"చూశానండి."

"ఎవరివో తెలుసా?"

బాబాయి తల దించుకున్నాడు. "నావేనండి."

ఆమె సర్వీసులో ఇంత తొందరగా ఎవరూ ఒప్పుకుని ఉండరు. స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎన్నాళ్ల నుంచి?"

"మందు మొదలైన దగ్గర్నుంచీనండి."

"మందు." ఆమె మెల్లగా తలూపింది. "రోజూ పడాలా?"

"రోజూనండి. ఒక్కరోజు కూడా మానకూడదన్నారు."

"ఎవరన్నారు?"

"డాక్టరుగారండి."

ఇన్‌స్పెక్టరమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. "నాతో ఎకసెక్కాలా? ఏ డాక్టరు తాగమన్నాడయ్యా నిన్ను?"

"నన్ను కాదండి, తనని. తాగడం కాదండి, మింగడం." బాబాయి స్క్రూడ్రైవరు గుడ్డ మీద పెట్టాడు. "పొద్దున టిఫినయ్యాక, గ్లాసుడు నీళ్లతో."

అప్పుడు నాకు నోరు పెగిలింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మందంటే ఆ మందు కాదనీ, పిన్ని వేసుకునే మాత్రలనీ చెప్పబోతుంటే, మేడ మీద నుంచి అమ్మ దిగింది. పోలీసును చూసింది, తలొంచుకున్న మరిదిని చూసింది. "ఏం చేశారు మరిదిగారూ?" అంది. దాంతో ఉన్న కాస్త పరువూ పోయింది. సరిగ్గా ఆ సమయానికి పిన్ని కారు వచ్చి ఆగింది. విషయం విని, గుమ్మంలోనే చతికిలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. లోపలికి వెళ్లి మాత్రల డబ్బా తెచ్చి ఇన్‌స్పెక్టరమ్మ చేతిలో పెట్టింది.

"ఇదీ ఆయన మందు. మింగేది నేను, కేసు ఆయన మీద."

ఇన్‌స్పెక్టరమ్మ ఆ డబ్బా వెనక అక్షరాలు చాలాసేపు చదివింది. లేచి, బాబాయి ముందు నిలబడి, "పొరపాటయింది, క్షమించండి" అంది. బాబాయి కంగారుగా, "అయ్యో, మీరు అడగడం మంచిదేనండి. అడిగేవాళ్లు ఉండాలి" అన్నాడు. అది ఆ నెలలో ఆయన మాట్లాడిన అతి పొడుగు వాక్యం.

"నాకెందుకు చెప్పలేదు టీచరుగారూ?"

"చెప్తే నా పక్కన కూర్చుంటారా అని."

"రేపు ఆరింటికి వస్తాను" అంది ఇన్‌స్పెక్టరమ్మ, టోపీ పెట్టుకుంటూ.

ఆ తర్వాత పిన్ని అందరికీ చెప్పేసింది. ఇద్దరు మానేశారు. మిగిలినవాళ్లు ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లూ ఉన్నారు.

చెప్పడం ఎంత మంచిదైందో రెండో మాత్ర వచ్చాక తెలిసింది. దాన్ని ఆసుపత్రిలో పడుకోబెట్టి మొదలుపెట్టారు. మాత్ర చూస్తే మిరియపు గింజకంటే కాస్త పెద్దది. ఒక చేతికి సెలైను, ఇంకో చేతి నుంచి గంటల తేడాతో రక్తపరీక్షలు. "ఇంత బుల్లి మాత్రకి ఇంతమంది కాపలానా?" అని పిన్ని నర్సును అడిగింది. "మాత్రకి కాదమ్మా, మీ కిడ్నీలకి" అంది నర్సు. అంతా సవ్యంగా జరిగింది. మర్నాడు ఇంటికి పంపేశారు. వారానికోసారి మోతాదు పెంచుతూ అయిదు వారాల్లో పూర్తి మోతాదుకు తెస్తారు. ఆ అయిదు వారాలూ నీళ్లు కడవల కొద్దీ తాగాలి.

తాగిన నీళ్లు ఊరుకుంటాయా? పాఠాల దారులన్నీ మారిపోయాయి. అంతకుముందు ఖాళీ రోడ్లు వెతికే పిన్ని ఇప్పుడు శుభ్రమైన బాత్రూములు వెతుక్కుంది. పెట్రోలు బంకు, గ్రంథాలయం, దంతాల ఆసుపత్రి, ఒక ఫర్నిచరు దుకాణం. ఫర్నిచరు దుకాణం ముందు రెండు కార్ల మధ్య ఇరుకు చోటు మాత్రమే ఉండేది. ఇన్‌స్పెక్టరమ్మ అక్కడే రివర్సు నేర్చుకుంది, అదీ పిన్ని "తొందరగా, తల్లీ, తొందరగా, కానీ మెల్లగా" అంటుంటే. దుకాణం ఆయన, పిన్ని సోఫా కొనడానికి మనసు కుదరక తిరుగుతోందనుకుని, వచ్చినప్పుడల్లా కొత్త రంగు గుడ్డ చూపించేవాడు. బాత్రూము కోసమని చెప్పడానికి మొహమాటపడి పిన్ని ఒక్కో గుడ్డనూ తడిమి, "ఇది కాస్త ముదురుగా ఉందండీ" అనేది. ఆ విడతలో లైసెన్సు పరీక్షకు వెళ్లినవాళ్లలో కారును ఇరుకులో పెట్టలేక తప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఇన్‌స్పెక్టరమ్మ లైసెన్సు తీసుకుని, జీపు తానే నడుపుకుంటూ మా వీధిలోంచి రెండుసార్లు వెళ్లింది. పని ఏమీ లేదు, మాకు చూపించడానికే.

అన్నీ నవ్వుతూ జరిగాయనను. చలికాలంలో ఒకరోజు పిన్నికి జ్వరం వచ్చింది. జ్వరం వస్తే క్షణం ఆలోచించకుండా రమ్మని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. రోగంతో పోరాడే మంచి కణాలు కూడా బాగా పడిపోయాయి, ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరింది. రెండు మాత్రలూ ఆపి, ఆసుపత్రిలో పెట్టారు. పిన్ని మాట్లాడడం మానేసింది. అడిగితే తలూపేది, అంతే. గోడ వైపు తిరిగి పడుకునేది.

"జబ్బుకి మందనుకున్నానే. మందుకి నేను ఆగలేకపోతే?" అని నాతో ఒక్కసారి అంది.

ఆమె మాట్లాడని ఆ రోజుల్లో బాబాయి మాట్లాడాడు. దుకాణం మూసి వచ్చి, మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, తను విప్పిన మిషన్ల కథలన్నీ చెప్పాడు. ఏ మిషనులో ఏ స్ప్రింగు అరిగింది, ఎవరి మిషనులో ఎలుక పిల్లలు పెట్టింది, ఏ దర్జీ మిషను నూనె బదులు కొబ్బరినూనె పోసి తెచ్చాడు. గొంతు బొంగురుపోయేదాకా చెప్పాడు. గుమ్మంలో నిలబడి అమ్మా నేనూ ముఖాలు చూసుకున్నాం. ముప్పై ఏళ్లలో అన్ని మాటలు ఆయన దగ్గర మేం వినలేదు. మూడో రోజు మధ్యాహ్నం పిన్ని ఇటు తిరిగింది.

"ఆ ఎలుక పిల్లల్ని ఏం చేశారు?" అంది.

జ్వరం తగ్గింది. మంచి కణాలు లేచాయి. మందులు మళ్లీ మొదలుపెట్టారు, రెండోదాని మోతాదు ఒక మెట్టు తగ్గించి. "తగ్గిస్తే పనిచేస్తుందా?" అని అమ్మ అడిగితే, "ఆమె తట్టుకున్నంతే మందమ్మా. తట్టుకోలేనిది ఎంతిచ్చినా ఏం లాభం?" అన్నాడు డాక్టరు.

ఏడాది తిరిగింది. చివర్లో ఎముక మూలుగు తీసి పరీక్షకు పంపారు. పదివేల కణాల్లో వెతికినా ఒక్క చెడ్డది కనబడలేదు.

"అయితే పూర్తిగా పోయినట్టేనా?" అని నేనడిగాను.

"మా పరీక్షకి అందనంత తగ్గిందండి. పోయిందని నేననను. మళ్లీ రావచ్చు, చాలా ఏళ్ల తర్వాత రావచ్చు, రాకపోవచ్చు. వస్తే ఇవే మాత్రలు మళ్లీ పనిచేసే అవకాశం ఉంది. ఇక ఆపేద్దామమ్మా."

పిన్ని సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చేతిసంచి ఒళ్లో బిగించి పట్టుకుంది. "ఏం చేయొద్దన్నప్పుడు మా అక్కకి మీమీద కోపం వచ్చింది బాబూ. ఇప్పుడు ఏం వేసుకోవద్దంటే నాకొస్తోంది. ఇంకో ఆర్నెల్లు వేసుకుంటే పోలా?"

డాక్టరు కంటే ముందు అమ్మ అందుకుంది. "ఆయన ఆపమన్నాడు, ఆపు. చదువుకున్నవాడు చెప్తే వినాలి."

పిన్నీ నేనూ ఒకేసారి అమ్మ వైపు చూశాం. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

మొదటి కొన్ని వారాలు పిన్ని రోజూ అద్దం ముందు మెడ తడుముకుంది. చిన్న జలుబు చేసినా ముఖం చిన్నబోయేది. మెల్లగా ఆ అలవాటు తగ్గింది. పాఠాలు పెరిగాయి. కమిలిన మచ్చలు పోయి, పొట్టి చేతుల చొక్కాలు బయటికొచ్చాయి. ఆర్నెల్ల పరీక్ష బాగుంది, ఏడాది పరీక్ష బాగుంది.

ఈలోగా అమ్మ ఒక నిర్ణయం తీసుకుంది. ఒకరోజు పొద్దున్నే బూట్లు వేసుకుని దిగి, పిన్ని కారులో స్టీరింగు ముందు కూర్చుంది.

"ఏంటక్కా?"

"నేర్పు. నీకు ఒంట్లో బాగాలేనప్పుడల్లా ఎవరెవరినో బతిమాలుకుని ఆసుపత్రికి వెళ్లాం. ఇంట్లో ఇంకొకరికి నడపడం వస్తే నష్టమేంటి?"

అరవై ఆరేళ్ల మనిషికి నేర్పడం ఒక ఎత్తు, అక్కకు నేర్పడం ఇంకో ఎత్తు. ఎడమకు తిప్పమంటే ఎందుకని అడిగేది. సిగ్నలు ఎర్రగా ఉంటే, ఎవరూ రావట్లేదుగా అని వాదించేది. జీవితంలో ఎప్పుడూ అరవని పిన్ని మా అమ్మ మీద అరిచిందని వీధంతా చెప్పుకున్నారు. లైసెన్సు పరీక్షలో అమ్మ రెండుసార్లు తప్పింది, మూడోసారి గట్టెక్కింది. ఆ సంబరానికి ఎదురింటివాళ్లు బుట్టెడు పంపరపనసలు తెచ్చిచ్చారు. పిన్ని ఒకటి ఒలుచుకుని అక్కడే తినేసింది.

మొన్న రెండేళ్ల పరీక్షకు కారు అమ్మే నడిపింది. బాబాయీ నేనూ వెనక సీట్లో చెరో పిడీ పట్టుకుని కూర్చున్నాం. ఆసుపత్రి దగ్గర కారు పెట్టడానికి నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పింది. పిన్ని కాలు రెండో బ్రేకు మీదే ఉంది గానీ, నోరు మెదపలేదు. డాక్టరు రక్తపు కాగితం చూసి, "బాగుందమ్మా. ఇక ఆర్నెల్ల తర్వాత రండి" అన్నాడు. ఆయన జుట్టు అక్కడక్కడా నెరిసింది. ఇప్పుడు కుర్రాడిలా లేడు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దరోడ్డు ఖాళీగా ఉంది. కిటికీలు దించుకున్నాం. కాస్త దూరం పోయాక అమ్మ ఏదో అడిగితే పిన్ని పలకలేదు. చూస్తే, తల సీటుకు వాల్చి, కాళ్లు బ్రేకుకు దూరంగా ముడుచుకుని, హాయిగా నిద్రపోతోంది. అమ్మ అద్దంలోంచి మమ్మల్ని చూసి, మాట్లాడొద్దని సైగ చేసి, గేరు ఒకటి తగ్గించి ఇంటిదాకా అదే వేగంతో తెచ్చింది.